బట్టల షాపులో ఫ్లోర్ ఇన్‌ఛార్జిని స్టాఫ్‌లోంచే ఎంచుకోవడం ఎలా?

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో 30 మంది పనిచేసే బట్టల షాపు మీదనుకోండి. చీరలు చూపించేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ, ఇన్‌ఛార్జి పోస్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం మీ బావమరిది. "అమ్మకాలు చూసే ఇచ్చాం" అంటారు. ఆ చూడటంలోనే ఉంది తిరకాసు.

కావలసినవి: పొడుగు రిజిస్టరు ఒకటి, ప్రతి బిల్లు మీదా అమ్మినవాళ్ల కోడ్, నాలుగైదు నెలల ఓపిక. కోడ్ లేకపోతే ఇవాళే పెట్టించండి.

ముందు జీతాల పట్టీ తీయండి. పేర్లు తీసేసి పని, సర్వీసు, జీతం మాత్రమే రాస్తే తేడాలు కంటికి కొడతాయి. ఒకే పనికి ఆడ, మగ జీతం వేరుగా ఉండకూడదని 1976 నుంచే చట్టం ఉంది. ఇప్పుడది 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. 10 మంది పనిచేస్తుంటే చాలు, 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ కూడా ఉండాలి, అధ్యక్షురాలు మహిళే. తర్వాత ఖాళీ ఉందని నోటీసు రాసి, స్టాఫ్ అన్నం తినే గదిలో అంటించండి. ఒకరిద్దరిని పిలిచి చెవిలో చెప్పొద్దు.

ఇక అందరూ చెడగొట్టే చోటు, అమ్మకాల లెక్క.

పట్టు సెక్షన్‌లో కూర్చున్నతను ఒక్క చీర అమ్మితే 12,000. మ్యాచింగ్‌లో నిలబడ్డ అమ్మాయి ఆ అంకె అందుకోవాలంటే 120 రూపాయల జాకెట్టు ముక్కలు 100 కోయాలి. ప్రతిసారీ గుడ్డ తాను దించాలి, చీర పక్కన పెట్టి రంగు చూపాలి, కొలిచి కత్తెర వేయాలి. ట్యూబులైటు కింద అతికినట్టున్న రంగు గుమ్మం దగ్గర ఎండలో తేలిపోతే మళ్లీ మొదలు. నెలాఖరున ఇద్దరి అంకెలూ పక్కపక్కన వేసి ఆ అమ్మాయి వెనకబడిందంటే ఎట్లా?

అందుకే పోటీలో ఉన్న ప్రతి ఒక్కరినీ పట్టు, మ్యాచింగ్, పిల్లల రెడీమేడ్ కౌంటర్లలో నాలుగేసి వారాలు తిప్పండి. మనిషిని మనిషితో పోల్చొద్దు. ఆ కౌంటరు పాత అంకెతో పోల్చండి. పోల్చేటప్పుడు ఇంగ్లీషు నెల పట్టుకుంటే దెబ్బతింటారు. 2023లో అధిక శ్రావణం ఆగస్టు 16 దాకా ఉంది, పెళ్లి బేరాలు ఆ తర్వాతే. ఆ ఆగస్టు మొదట్లో పట్టు సెక్షన్‌లో నిలబెట్టినవాళ్లు ఎంత గొప్పవాళ్లైనా ముందటేడు అంకె అందుకోలేరు. తెలుగు నెలకు తెలుగు నెలే పెట్టండి. ఆషాఢం డిస్కౌంటు రోజులు, దసరా, సంక్రాంతి రద్దీ రోజులు లెక్కలోంచి తీసేయండి.

పట్టు సెక్షన్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు ముందు రెండు వారాలు అసలు జరీకీ హాఫ్‌ఫైన్ అనే తక్కువ రకం జరీకీ తేడా, ఏ అరలో ఏ రేటు సరుకుందో నేర్పించండి. నేర్పకుండా నిలబెట్టి "ఆడపిల్లలకు పట్టు రాదు" అనడం మన బజార్లో పాత అలవాటు. ఇంకో కిటుకుంది. కావలి, కందుకూరు నుంచి వచ్చే పెళ్లివాళ్లు పాత సేల్స్‌మ్యాన్‌కు ముందే ఫోను చేసి వస్తారు. ఆ బిల్లులు లెక్కకు రావు. రాత్రి 8 దాటాక పడ్డవీ అంతే, ఎవరివైనా సరే. కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం బస్సు కోసం పరిగెత్తే పిల్ల ఆ టైము ఎక్కణ్నించి తెస్తుంది?

మొత్తం రూపాయలకన్నా బిల్లుకు ఎన్ని పీసులు, మార్చుకోడానికి ఎన్ని తిరిగొచ్చాయి అన్న రెండింటికే ఎక్కువ విలువ ఇవ్వండి. ఇంటర్వ్యూ పెట్టొద్దు. అందులో నెగ్గేది నోరున్నవాడే.

ప్రసూతి సెలవులో ఉన్నామెను జాబితాలోంచి కొట్టేయకండి. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు ఆమె హక్కు. తిరిగొచ్చాక ఆమె వంతు ఆమెకివ్వాలి.

ఎంచుకున్నాక 30 రోజులు ట్రయల్. స్టాకు గది తాళాలు, సెలవు ఇచ్చే అధికారం, 5 శాతం దాకా తగ్గించే అధికారం మొదటిరోజే చేతికివ్వండి, అలవెన్సుతో సహా. ప్రతి బేరానికీ మీ టేబుల్ దగ్గరికి రావాల్సొస్తే కింది స్టాఫ్ కొత్త ఇన్‌ఛార్జి మాట వినరు, కస్టమరూ లేచిపోతారు. ఎంపిక కానివాళ్లకు అదే సాయంత్రం రిజిస్టరు తెరిచి వాళ్ల అంకెలు చూపించి, మళ్లీ ఏ నెలలో కౌంటర్లు తిప్పుతారో చెప్పండి.