డర్ట్ కారు షాఫ్ట్ వణుకుతోందా? కొత్తది కొనే ముందు ఇది కొలవండి

అమెరికాలో మట్టి ఓవల్ ట్రాక్‌ల మీద పరిగెత్తే లేట్ మోడల్, మోడిఫైడ్ అనే రేసు కార్ల కింద చాలా రాత్రులు గడిపాను. కుర్రాళ్లు వచ్చి అడిగేది ఎక్కువగా ఒకటే. "అన్నా, కారు వణుకుతోంది. స్టీల్ షాఫ్ట్ తీసేసి అల్యూమినియం వేయనా, కార్బన్ వేయనా?" వాళ్లు అడిగేది గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు చేర్చే డ్రైవ్ షాఫ్ట్ గురించి. నేను ముందు అడిగేది కూడా ఒకటే. చక్రాలు కడిగావా?

రాత్రి మొదట్లో ట్రాక్ తడిగా ఉంటుంది. బంకమట్టి రిమ్ము లోపల గడ్డకట్టి, సగం ఊడిపోయి సగం ఉండిపోతుంది. షాఫ్ట్ మీదా అంతే. నీళ్లు కొట్టకుండా, కారు పైకెత్తి చూడకుండా వందల డాలర్ల సామాను ఆర్డర్ పెట్టేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

కడిగాక కూడా వణుకుతుంటే, అది ఎలాంటి వణుకో గమనించండి. క్విక్ ఛేంజ్ హౌసింగ్ (గేర్లు త్వరగా మార్చుకోగల వెనక ఇరుసు పెట్టె)లో క్రౌన్-పీనియన్ నిష్పత్తి 4.86 అయితే, స్పర్ గేర్లతో కలిపి చాలా సెటప్‌లలో చక్రం ఒకసారి తిరిగేలోపు షాఫ్ట్ ఐదారుసార్లు తిరుగుతుంది. కాబట్టి నెమ్మదిగా ఊగినట్టుంటే చక్రం, సన్నగా జివ్వుమంటే షాఫ్ట్. కారు నిలబెట్టి, న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి చూడండి. అప్పుడూ వణికితే షాఫ్ట్ జోలికి పోకండి, ఇంజిన్ మౌంట్లు చూడండి.

షాఫ్టే అని తేలితే ముందు క్రాస్‌లు. మన లారీ షెడ్లలో యూజే క్రాస్ అంటారే, అదే. షాఫ్ట్ దించి ఒక్కో కప్పును వేళ్లతో తిప్పండి. గరగరమన్నా, మధ్యలో పట్టేసినా మార్చేయండి. షాఫ్ట్ రెండు చివరల యోక్ (క్రాస్‌ను పట్టుకునే పంగ) చెవులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. గేర్‌బాక్స్ అవుట్‌పుట్, పీనియన్ (ఇరుసు పెట్టెలోకి వెళ్లే గేరు కడ్డీ) ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక్కో క్రాస్ దగ్గర కోణం 1 నుంచి 3 డిగ్రీలు చాలు. సున్నా చేస్తే ఇంకా మంచిదనుకుంటారు కొందరు. అలా చేస్తే కప్పులోని సూది బేరింగులు కదలకుండా ఒకేచోట గుద్దుకుని గుంటలు పెడతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ముందు క్రాస్ రెండు మూడు వారాలకే పోతోందా? గేర్‌బాక్స్ వెనక సీలు కారుతోందా? మలుపులోంచి గ్యాస్ కొట్టి బయటికి వస్తున్నప్పుడే వణుకుతూ, స్టాండ్ల మీద తిప్పితే నున్నగా ఉందా? అయితే స్లిప్ యోక్ (గేర్‌బాక్స్ వెనక లోపలికీ బయటికీ జారే షాఫ్ట్ ముందు కొన) లోపల అడుగుకు తగులుతోంది. నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక సీజన్‌లో నాలుగు క్రాస్‌లు మార్చాం. షాఫ్ట్ చేసిన షాపు బ్యాలెన్స్ సరిగ్గా చేయలేదని రెండుసార్లు వెనక్కి పంపాం. తప్పు వాళ్లది కాదు, మేమిచ్చిన పొడవుది.

కారు షాపు నేల మీద మామూలు ఎత్తులో ఉన్నప్పుడు టేపు పెట్టి కొలిచాం. కానీ ఫోర్ బార్ కారు (వెనక ఇరుసును పక్కకు రెండేసి రాడ్లు పట్టుకునేది) ట్రాక్ మీద ఆ ఎత్తులో ఉండదు. వెనక రాడ్లు ముందువైపు ఎత్తుగా బిగించి ఉంటాయి. గ్యాస్ పడగానే ఎడమ వెనక బాడీ లేస్తుంది. లేచేకొద్దీ రాడ్ల ఏటవాలు పెరిగి ఎడమ చక్రాన్ని ముందుకు లాగుతాయి. చాలా సెటప్‌లలో ఇరుసుతోపాటు పీనియన్ కూడా గేర్‌బాక్స్ వైపు జరుగుతుంది. పైగా ఇరుసు తిరగబడకుండా పట్టుకునే పుల్ బార్ సాగితే పీనియన్ మూతి పైకి లేస్తుంది. యోక్ లోపలికి దూరుతుంది, ఇక చోటు లేకపోతే గుద్దుతుంది. ఆ తోపుడంతా అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగు, క్రాస్ కప్పులు, పీనియన్ బేరింగు మీద పడుతుంది.

దీన్ని పట్టుకోవాలంటే వెనక స్ప్రింగులు తీసేయాలి. ఎడమ వెనక పక్క, బాడీ మరీ లేవకుండా కట్టిన చైన్ ఆపేంతవరకు బాడీని లేపండి, కుడి పక్క బాడీని బంప్ స్టాప్ (కిందికి దిగే హద్దు) దాకా దించండి. కారు స్టాండ్ల మీద గట్టిగా కూర్చుందో లేదో చూశాకే కిందికి దూరండి. ఈ స్థితిలో సీలు అంచు దగ్గర యోక్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత వెనక క్రాస్ విప్పి, షాఫ్ట్‌ను చేత్తో పూర్తిగా లోపలికి తోసి మళ్లీ గీత పెట్టండి. రెండు గీతల మధ్య కనీసం ముప్పావు అంగుళం ఉండాలి, అంగుళం ఉంటే నాకు నిద్ర పడుతుంది. యోక్ ఎక్కువగా బయటికొచ్చే స్థితిలోనూ చూడండి. స్ప్లైన్ (పళ్ల గాడి) పట్టు సరిపడా మిగలాలి. పీనియన్ కోణాన్ని కూడా ఈ రెండు చోట్లా కొలవండి. యోక్ ముందు అంచు మీద మెరిసే గుద్దుడు మచ్చ కనిపిస్తే ఇక అనుమానమే లేదు. షాఫ్ట్ కోయించి పొట్టి చేయించండి.

పొడవు తేలాకే సామాను ఎంపిక. చిన్న క్లాసులకు 1310 సైజు క్రాస్ సరిపోతుంది. ఇంజిన్ పెద్దదైతే 1350 వేయండి, దాని కప్పు వ్యాసం 30 మిల్లీమీటర్ల పైచిలుకు, 1310ది 27. గ్రీజు నిపుల్ లేని గట్టి క్రాస్ మేలు, మధ్యలో రంధ్రం లేదు కాబట్టి బలం ఎక్కువ. షాఫ్ట్ లోహం విషయంలో ముందు మీ క్లాసు రూల్ బుక్ చదవండి, కొన్ని క్లాసులు స్టీల్ తప్ప ఒప్పుకోవు. అల్యూమినియం తేలిక, కానీ రాయి తగిలి సొట్టపడితే దాన్ని పక్కన పడేయాల్సిందే. ముందు క్రాస్ దగ్గర షాఫ్ట్ చుట్టూ ఉండే స్టీల్ లూప్ మాత్రం వదలొద్దు. క్రాస్ తెగినరోజు షాఫ్ట్ ముందు కొన నేలలో గుచ్చుకోకుండా, డ్రైవర్ కాలి మీదికి రాకుండా ఆపేది అదే.

అవుట్‌పుట్ షాఫ్ట్ వంగడం, ఇరుసు గొట్టం వంగడం ఎప్పుడో ఒకసారి, అదీ గట్టి ఢీ తర్వాతే. ఢీ జరగకపోతే వాటి గురించి టెన్షన్ పడకండి.

కొత్త షాఫ్ట్ వేశాక, మొదటి హాట్ ల్యాప్స్ (రేసుకు ముందు వేసే వార్మప్ చుట్లు) అయిన వెంటనే యోక్ తుడిచి, సీలు లోపలికి ఎంతవరకు వెళ్లి వచ్చిందో మెరుపు చూసి తెలుసుకోండి. అది మీ రెండో గీతకు ముప్పావు అంగుళం ఇవతలే ఆగాలి.