కాలనీలో రక్తదాన శిబిరం పెట్టాలంటే

హైదరాబాద్‌కి ఉద్యోగానికొచ్చినవాళ్లు కాలనీలో నలుగురికీ దగ్గరవడానికి ఇది చాలా మంచి దారి. ముందు లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుతో మాట్లాడండి. రక్తం తీసేది వాళ్ల సిబ్బందే. గాలి, వెలుతురున్న కమ్యూనిటీ హాలు, తాగునీళ్లు, పళ్లరసం, బిస్కెట్లు మీరు చూసుకోండి.

తేదీ ఆలోచించి పెట్టండి. ఆగస్టు 15కి చాలామంది పెడతారు, కానీ ఎర్రకణాలు 42 రోజులకు మించి నిల్వ ఉండవు. కాలేజీలకు సెలవులిచ్చే మే నెలలో దాతలు తగ్గిపోతారు. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం ఎండాకాలమైనా 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఆగస్టులో తీసిన రక్తం అప్పటిదాకా ఉండదు కాబట్టి, శిబిరం ఎండాకాలంలో పెడితే ఎక్కువ ఉపయోగం.

దాతలకు 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. గతంలో ఇచ్చినవాళ్లయితే మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలి. ఖాళీ కడుపుతో వస్తే కళ్లు తిరుగుతాయి; టిఫిన్ చేసి రమ్మనండి.