కార్డు వచ్చింది, పేరు రాలేదు: వెబ్ సర్వీస్ స్కీమాల్లో సమస్య - పరిష్కారం

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు సర్వీసులు రాసేవాళ్లకి పని సగం ఒడిశాలో, సగం ఆంధ్రాలో ఉంటుంది. ఇటువైపు జావా, పాతపట్నం దాటాక అటువైపు డాట్‌నెట్. మధ్యలో ఇద్దరూ నమ్ముకునేది ఒక్క ఎక్స్‌ఎస్‌డీనే, అంటే మెసేజ్‌లో ఏ ట్యాగులు ఎలా ఉండాలో చెప్పే స్కీమా ఫైలునే. అందులో తేడా ఉంటే ఎవరి కోడ్ ఎంత తవ్వినా తప్పు దొరకదు. సోప్ (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లు పంపుకునే పద్ధతి), డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీస్ ఒప్పందం రాసే ఫైలు) తెలిసినవాళ్ల కోసమే ఇది, ఆ పాఠాలు ఇక్కడ లేవు.

అందరూ దాటేసే మొదటి పని

నెట్‌వర్క్ మీద నిజంగా వెళ్లిన మెసేజ్ చూడండి. డీబగ్గర్‌లో కనిపించే ఆబ్జెక్టు మెసేజ్ కాదు. సోప్ యూఐలో రా ట్యాబ్ తెరవండి, లేదా సర్వర్ లాగ్‌లో మెసేజ్ పూర్తిగా పడేలా పెట్టండి. దాన్ని ఫైల్‌గా దాచుకుని ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే టూల్‌తో స్కీమాకి సరిచూడండి. ఒక జాగ్రత్త: సోప్ ఎన్వలప్‌ని తీసేసి బాడీ లోపలి భాగం మాత్రమే కత్తిరిస్తాం కదా, ఎన్వలప్ ట్యాగ్ మీద ప్రకటించిన ప్రిఫిక్సులు (ట్యాగ్ పేరు ముందు వచ్చే పొట్టి గుర్తులు) దానితోపాటే పోతాయి. వాటిని లోపలి మొదటి ట్యాగ్ మీదకి తెచ్చుకోకపోతే లేని తప్పు కనిపిస్తుంది.

ఈ పని చేయకుండా డేటాబేస్ కనెక్షన్ దగ్గర్నుంచి వెతుక్కుంటూ రావడం, పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమే.

లక్షణం: ఎర్రర్ లేదు, విలువలు మాత్రం ఖాళీ

సర్వీస్ విజయం అని జవాబిస్తుంది. బయటి ట్యాగ్ అందింది, ఆబ్జెక్టు తయారైంది. లోపల చూస్తే పేరు నల్, ఊరు నల్, సంఖ్య ఉండాల్సిన చోట సున్నా. అవతలివాళ్లు "మేం పంపాం" అంటారు, అబద్ధం కాదు. జావాలో జాక్స్‌బీ గానీ డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ గానీ (మెసేజ్‌ని ఆబ్జెక్టుగా మార్చేవి ఇవే) తమకి తెలియని ట్యాగ్ ఎదురైతే మామూలుగా గొడవ చేయవు, వదిలేసి ముందుకి పోతాయి. వ్యాలిడేషన్ ఆన్ చేసి ఉంటే ఇదే రోగం "2.4.ఎ" అనే కోడ్‌తో పైకి వస్తుంది: ఫలానా ఎలిమెంట్ చెల్లదు, ఫలానాది రావాలి అని. రెండు పేర్లూ ఒకటే ఉంటాయి కాబట్టి చూసినవాళ్లు బుర్ర గోక్కుంటారు. రావాలి అన్న పేరు ముందు నేమ్‌స్పేస్ చిరునామా ఉందా లేదా అన్నదే అక్కడ చదవాల్సింది.

కారణం నేమ్‌స్పేస్. ప్రిఫిక్స్ ముద్దుపేరు, ఏది పెట్టినా ఒకటే. నేమ్‌స్పేస్ ఇంటిపేరు, అది తేడా వస్తే మనిషే వేరు. స్కీమా ఫైలు తలలో టార్గెట్ నేమ్‌స్పేస్ ఇచ్చాం కాబట్టి లోపలున్నవన్నీ ఆ ఇంటివే అని అందరూ అనుకుంటారు. కాదు. స్కీమా ట్యాగ్ కింద నేరుగా ప్రకటించిన గ్లోబల్ ఎలిమెంట్లకే ఆ ఇంటిపేరు వస్తుంది. టైపుల లోపల రాసిన లోకల్ ఎలిమెంట్లకి రావాలంటే "ఎలిమెంట్ ఫామ్ డిఫాల్ట్" అనే యాట్రిబ్యూట్‌కి "క్వాలిఫైడ్" అని పెట్టాలి. పెట్టకపోతే 2001లో వచ్చిన ప్రమాణం ప్రకారం దాని విలువ "అన్‌క్వాలిఫైడ్". అంటే తండ్రికి ఇంటిపేరు ఉంటుంది, పిల్లలకి ఉండదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. ముంచేది దీని తర్వాత వచ్చేది. ఈ యాట్రిబ్యూట్ ఏ ఫైలుకి ఆ ఫైలే. ప్రధాన ఫైల్లో పెట్టి, ఇంటి చిరునామా టైపు రాసిన వేరే ఫైల్‌ని (చిరునామా ఫైల్ అందాం) ఇన్‌క్లూడ్ చేస్తే రెండోదానికి అది అంటదు. చిరునామా ఫైల్లో టార్గెట్ నేమ్‌స్పేస్ లేకపోతే తనని ఇన్‌క్లూడ్ చేసుకున్న ప్రధాన ఫైలు ఇంటిపేరునే తీసుకుంటుంది, ఊసరవెల్లిలా రంగు మారుస్తుంది. ఎలిమెంట్ ఫామ్ డిఫాల్ట్ మాత్రం తన పాతదే ఉంచుకుంటుంది. డబ్ల్యూఎస్‌డీఎల్ లోపల టైప్స్ భాగంలో రెండు మూడు స్కీమాలు ఉంటే వాటికీ ఇదే లెక్క.

ట్యాగుల పేర్లు తెలుగులో ఉన్నా ఎక్స్‌ఎంఎల్‌కి అభ్యంతరం లేదు కాబట్టి ఉదాహరణ అలాగే రాద్దాం. "క" మన నేమ్‌స్పేస్‌కి పెట్టిన ప్రిఫిక్స్. పంపినది:

<క:కార్డు>
  <క:పేరు>అప్పలనర్సమ్మ</క:పేరు>
  <క:చిరునామా>
    <క:బ్లాక్>కాశీనగర్</క:బ్లాక్>
  </క:చిరునామా>
</క:కార్డు>

చిరునామా ఫైలు తలలో ఆ యాట్రిబ్యూట్ మరిచిపోయిన స్కీమా కోరేది:

<క:కార్డు>
  <క:పేరు>అప్పలనర్సమ్మ</క:పేరు>
  <క:చిరునామా>
    <బ్లాక్>కాశీనగర్</బ్లాక్>
  </క:చిరునామా>
</క:కార్డు>

తేడా ఒక్క అక్షరం. పేరు అందుతుంది, బ్లాక్ అందదు. సగం పనిచేయడమే దీని విషం. పేరు వచ్చిందంటే నేమ్‌స్పేస్ బాగానే ఉందని తీర్మానించి డేటా మీదో, అవతలివాళ్ల మీదో పడతారు. ప్రిఫిక్స్ లేకుండా డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వాడిన మెసేజ్‌లో ఈ తేడా కంటికి అసలు ఆనదు, పిల్లలకీ ఇంటిపేరు చెప్పకుండానే అంటుకుంటుంది. వ్యతిరేకంగా, ఒక ట్యాగ్ మీద ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఈక్వల్స్ పక్కన ఖాళీ కోట్స్ కనిపించాయా, అక్కడే ఆగండి. "ఈ ఎలిమెంట్‌కి ఏ నేమ్‌స్పేసూ లేదు" అని పంపే లైబ్రరీ నోటితో చెబుతున్నట్టే.

సరిచేయడం ఇలా. ప్రాజెక్టులో ఉన్న ప్రతి ఎక్స్‌ఎస్‌డీలో, డబ్ల్యూఎస్‌డీఎల్ లోపలి ప్రతి స్కీమా ట్యాగ్‌లో ఆ యాట్రిబ్యూట్ ఉందో లేదో వెతకండి. స్కీమా ట్యాగుల సంఖ్య, యాట్రిబ్యూట్ దొరికిన సంఖ్య సమానంగా ఉండాలి. లేనివాటికి క్వాలిఫైడ్ పెట్టండి. దాని పక్కనుండే "యాట్రిబ్యూట్ ఫామ్ డిఫాల్ట్" జోలికి పోకండి, అది అన్‌క్వాలిఫైడ్‌గానే ఉండాలి. క్లాసులు మళ్లీ జెనరేట్ చేయండి. జావావాళ్లు ఇక్కడ ఇంకో గుంటలో పడతారు: జాక్స్‌బీ ఈ క్వాలిఫైడ్ సంగతిని మామూలుగా ప్యాకేజ్ ఇన్ఫో అనే చిన్న ఫైల్లో రాస్తుంది. అందులో క్లాస్ ఏమీ లేదని దాన్ని వదిలేసి మిగతా క్లాసులు కాపీ చేస్తే మళ్లీ అన్నీ నల్. ప్యాకేజ్ పేరు మార్చి ఫైల్ మార్చకపోయినా అంతే.

సర్వీస్ ఇప్పటికే నడుస్తుంటే ఈ మార్పు పాత క్లయింట్లన్నిటినీ పడగొడుతుంది. వాళ్ల మెసేజ్‌లు పాత తప్పుకి తగ్గట్టు అల్లుకుని ఉంటాయి. నేమ్‌స్పేస్ చివర కొత్త సంవత్సరం, నెల పెట్టి కొత్త వెర్షన్‌గా విడుదల చేయండి, పాతది కొంతకాలం పక్కన నడవనివ్వండి. లోకల్ ఎలిమెంట్‌ని గ్లోబల్ చేసి రెఫ్‌తో పిలిచినా ఇదే జరగొచ్చు. రెఫ్ చేసినది ఎప్పుడూ క్వాలిఫైడే కాబట్టి, అన్‌క్వాలిఫైడ్ ఫైల్లో "కాస్త సర్దాం" అనుకున్న మార్పు ఒప్పందాన్నే మార్చేస్తుంది.

నేమ్‌స్పేస్ చిరునామాని అక్షరం అక్షరం పోలుస్తారు. చివర స్లాష్ ఎక్కువైనా, హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్ చేసినా అది వేరే ఇల్లు. ఆ చిరునామా బ్రౌజర్‌లో తెరుచుకోనక్కర్లేదు.

లక్షణం: అదే 2.4.ఎ, కానీ రెండు పేర్లు వేరు

వరస తప్పింది. సీక్వెన్స్‌లో రాసిన క్రమమే క్రమం. కొత్త ఫీల్డ్‌ని మధ్యలో దూర్చకండి, చివర పెట్టి మిన్ అకర్స్ 0 (ట్యాగ్ లేకపోయినా పర్లేదు అని) ఇవ్వండి.

లక్షణం: పుట్టిన తేదీ లేనివాళ్ల కార్డులే తిరిగొస్తున్నాయి

ఖాళీ తేదీ ట్యాగ్ పంపుతున్నారు. మిన్ అకర్స్ 0 అంటే ట్యాగ్ లేకపోయినా పర్లేదని, ఖాళీగా ఉండొచ్చని కాదు. తేదీ తెలియకపోతే ట్యాగే పంపకండి. తెలిస్తే 15/08/1990 అని కాదు, 1990-08-15 అని పంపండి. పుట్టిన తేదీకి డేట్ టైమ్ వాడొద్దు. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు సాయంత్రం 18:30, అవతలి సర్వర్ తేదీని ఒకరోజు వెనక్కి జరిపేస్తుంది.

లక్షణం: ఇంగ్లిష్ పేర్లు వెళ్తున్నాయి, తెలుగు, ఒడియా పేర్లు వెళ్లడం లేదు

రెండు చోట్ల చూడాలి. ఒకటి పొడవు. మ్యాక్స్ లెంగ్త్ లెక్కించేది కంటికి కనిపించే అక్షరాలని కాదు, యూనికోడ్ గుర్తుల్ని. "పర్లాకిమిడి" మనకి 5 అక్షరాలు, స్కీమాకి 11, యూటీఎఫ్-8లో 33 బైట్లు. 10 పెడితే గజపతి జిల్లా కేంద్రం పేరే చెల్లదు. ఇంగ్లిష్ చూసుకుని 30 అనుకున్న చోట 100 ఇవ్వండి. డేటాబేస్ కాలమ్ బైట్లలో ఉంటే దానికి మూడింతలు.

రెండోది ప్యాటర్న్. ఏ నుంచి జెడ్ వరకు అని రాసినవాళ్ల సంగతి సరే. యూనికోడ్ అక్షర వర్గమైన ఎల్ పెట్టి పనైపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ. గుణింతపు గుర్తులు, పొల్లు ఆ వర్గంలోకి రావు, వాటిది ఎం వర్గం. రెండూ ఇవ్వాలి. "రాజ్‌కుమార్"లో పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు పెట్టే కంటికి కనపడని గుర్తు 200సి, అది ఈ రెండిట్లోనూ లేదు. దాన్ని ప్యాటర్న్‌లో ప్రత్యేకంగా కలపండి. 0సి00 నుంచి 0సి7ఎఫ్ అని తెలుగు పరిధి ఒక్కటే ఇస్తే గజపతి జిల్లా పేర్లలో ఒడియావి బయటే ఉండిపోతాయి, వాటిది 0బి00 నుంచి 0బి7ఎఫ్. జావాస్క్రిప్ట్ నుంచి ప్యాటర్న్ తెచ్చుకుంటే మొదటి టోపీ గుర్తు, చివరి డాలర్ గుర్తు తీసేయండి. స్కీమా ప్యాటర్న్ ఎలాగూ మొత్తం విలువకి వర్తిస్తుంది, ఆ గుర్తుల్ని ఇక్కడ మామూలు అక్షరాలుగానే చూస్తుంది.

లక్షణం: ఒడిశా చిరునామాల్లో మండలం దగ్గర చెత్త

ఒడిశాలో బ్లాకులుంటాయి, మండలాలు ఉండవు. స్కీమాలో మండలం తప్పనిసరి అంటే డేటా ఎంట్రీ చేసేవాళ్లు చుక్క పెట్టి పంపుతారు. మండలం, బ్లాక్ రెండూ ఛాయిస్‌లో (రెండిట్లో ఏదో ఒకటే రావాలి అని) పెట్టండి. కార్డు నంబర్, ఖాతా నంబర్ మాత్రం ఎప్పుడూ స్ట్రింగ్‌గానే ఉండాలి, ఇంటీజర్ చేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

అరుదైనవి

వెర్షన్ మిస్‌మ్యాచ్ ఫాల్ట్ వస్తే సోప్ 1.1, 1.2 ఎన్వలప్‌లు కలిశాయి, క్లయింట్ సెట్టింగ్ మార్చండి. యూనిక్ పార్టికల్ అంటూ స్కీమానే లోడ్ కాకపోతే ఒకే పేరున్న ఐచ్ఛిక ఎలిమెంట్లు పక్కపక్కన పడ్డాయి. ఫైల్ మొదటి లైన్‌లోనే ఎర్రర్ చూపిస్తే డిక్లరేషన్ ముందు ఖాళీ ఏదో చేరింది. మీ యంత్రంలో బాగుండి సర్వర్‌లో స్కీమా దొరక్కపోతే స్కీమా లొకేషన్‌లో మీ సొంత డ్రైవ్ దారి ఉండిపోయింది.