తుపాన్ల సీజన్‌లో వాతావరణ మోడల్ రన్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

2024 సెప్టెంబర్ 1న వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర. మునిగింది విజయవాడ సింగ్‌నగర్, ఖమ్మంలో మున్నేరు ఒడ్డు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటితే, మర్నాడు నీళ్లలో ఉన్నవి హనుమకొండ, వరంగల్. తుపాను దారి సరిగ్గా పట్టినంత మాత్రాన మోడల్ వానను కూడా పట్టిందని కాదు. డబ్ల్యూఆర్ఎఫ్ (మనం రన్ చేసే వాతావరణ మోడల్) ఇన్‌స్టాల్ చేయడం, డొమైన్ (మోడల్ లెక్కగట్టే ప్రాంతం) గీయడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అసలు ప్రమాదం

ఒక్క రన్‌ను నమ్మకండి. మైక్రోఫిజిక్స్ స్కీములు (మేఘంలో నీటి చుక్కలు, మంచు ఎలా ఏర్పడతాయో లెక్కగట్టే పద్ధతులు) మార్చుకుంటూ పోతే ఏదో ఒకదాంట్లో భారీ వానను చూపే ఎర్ర మచ్చ సరిగ్గా విజయవాడ మీద పడుతుంది. వెంటనే అది పీపీటీలోకి, అక్కణ్నుంచి థీసిస్‌లోకి ఎక్కేస్తుంది. అదే రన్‌ను 12 గంటలు ఆలస్యంగా మొదలుపెట్టి చూడండి, మచ్చ నల్గొండకు జరగొచ్చు. సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు లాంటి చిన్న వాగుకు 50 కిలోమీటర్ల తేడా వచ్చినా ఆ వాన వేరే ఏటి పాలైనట్టే.

ఇంతకన్నా ఘోరం, ఆ ఒక్క సెట్టింగుతోనే ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పెంచి, భవిష్యత్తులో వాన ఇంత పెరుగుతుందని చెప్పేయడం. గాలి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అంటే 2 డిగ్రీలకు సుమారు 14 శాతం. మీ రన్‌ల మధ్య తేడానే 30 శాతం ఉంటే, ఇప్పటిదీ వేడి పెంచినదీ కలిపిన ఒక్క జతలో ఆ 14 శాతం ఎక్కడ కనిపిస్తుంది? మొదలుపెట్టే సమయాలు మార్చండి, స్కీములు మార్చండి, వచ్చిన తేడా మొత్తం రాయండి. ఒక్క గ్లోబల్ మోడల్‌ను (భూమి మొత్తాన్ని లెక్కగట్టేదాన్ని) నమ్ముకోవడం కూడా ఇదే తప్పు.

పోల్చేటప్పుడు

ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రోజు వాన లెక్క ఉదయం 8:30తో ముగుస్తుంది, అంటే మోడల్ వాడే అంతర్జాతీయ సమయం (యూటీసీ) ప్రకారం 03 గంటలు. మీరు 00 యూటీసీ (మన 5:30) నుంచి 00 దాకా కూడితే తెల్లవారుజామున, పొద్దున పడ్డ వాన వేరే తేదీలోకి పోతుంది. తప్పు మోడల్‌ది కాదు, మీ స్క్రిప్టుది. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. ఆ గీతను 25 కిలోమీటర్ల గ్రిడ్ (మ్యాపును విడగొట్టే గడులు) సగటు మీద వెతక్కండి, సగటులో శిఖరం కరిగిపోతుంది.

ఇక మిగతావి

3 కిలోమీటర్ల గడులున్న డొమైన్‌లో క్యుములస్ స్కీమ్ (గడికన్నా చిన్న ఉరుము మేఘాలను అంచనాగా లెక్కగట్టే భాగం) ఆపేయండి. డొమైన్ అంచును తూర్పు కనుమల మీదుగా పోనివ్వకండి, అక్కడ లేని వాన పుడుతుంది. మోడల్ కుదురుకునే మొదటి 12 గంటల ఫలితాలు పారేయండి. నెలల తరబడి నడిచే రన్‌లో సముద్ర ఉష్ణోగ్రతను మొదటి రోజు విలువ దగ్గరే వదిలేయకండి. నేమ్‌లిస్ట్‌ను (రన్ సెట్టింగుల ఫైలును) ఫలితాల పక్కనే దాచండి. సరిపోలని రన్‌లు డిలీట్ చేయకండి. చేశారా, మళ్లీ ఒక్క రన్ దగ్గరికే వచ్చారు. మండలం పేరు పెట్టి మ్యాపు గీయకండి. వాట్సాప్‌లో అసలు పెట్టకండి, హెచ్చరిక ఇచ్చేది ఐఎండీ, మీరు కాదు. గైడ్ గారు "మ్యాచ్ అయింది కదా" అన్నా సరే, ఒక్క రన్‌తో పేపర్ పంపకండి. డెడ్‌లైన్ టెన్షన్ ఉంటే డొమైన్ చిన్నది చేసుకోండి, రన్‌ల సంఖ్య తగ్గించకండి.