నత్తలు, మంచినీటి పీతలు: పురుగు చచ్చేలా వండటం ఎలా

నిమ్మరసం పిండితే పీత మాంసం తెల్లబడి గట్టిపడుతుంది. చూస్తే ఉడికినట్టే ఉంటుంది, లోపలి పురుగు మాత్రం బతికే ఉంటుంది. ఉప్పు, వెనిగర్, సారాలో ఊరబెట్టినా అంతే. నమ్మాల్సింది వేడినే.

మంచినీటి పీతల్లో, రొయ్యలాంటి క్రేఫిష్‌లో ఉండేది పారగోనిమస్ అనే పురుగు. దీని పిల్లపురుగులు మొప్పల్లో, కండలో గూడు కట్టుకుని ఉంటాయి. మనం తింటే ఊపిరితిత్తుల్లో కాపురం పెడతాయి. నత్తల్లో ఉండే ఆంజియోస్ట్రాంజైలస్ అసలు ఎలుకల పురుగు. మనిషి ఒంట్లోకి వస్తే మెదడుకు చేరుతుంది.

పీతను చితక్కొట్టినప్పుడు చిందే నీళ్లలోనూ పురుగులుంటాయి. పీతను కోసిన చాకుతోనే పచ్చి ఉల్లిపాయ తరిగారంటే, కూర ఎంత ఉడికించినా ఏం లాభం? చాకు, తరిగే పలక విడిగా పెట్టుకుని, పనయ్యాక వేడినీళ్లతో, సబ్బుతో కడగండి. చేతులూ అంతే.

నత్తలను కళపెళ మరిగే నీళ్లలో వేయండి. వేయగానే మరుగు ఆగిపోతుంది, గిన్నె నిండా కుక్కితే మరీను. మళ్లీ మరిగాకే టైం లెక్కపెట్టాలి: అక్కణ్నుంచి కనీసం 5 నిమిషాలు, పెద్ద నత్తలైతే ఇంకాసేపు. తర్వాత గుల్లలోంచి తీసి, పేగు పారేసి, కూరలో మరోసారి ఉడకనివ్వండి.

పీత డిప్ప ఎర్రబడితే ఉడికినట్టు కాదు. డిప్ప రంగు ముందే మారిపోతుంది, డెక్కల మొదట్లో మాంసం ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. థర్మామీటర్ ముల్లును డిప్పకు తగలకుండా మందమైన చోట గుచ్చండి. పీతకు 63 డిగ్రీల సెల్సియస్ రావాలి. నత్తకైతే 74. నిప్పుల మీద కాల్చినవాటితోనే ఎక్కువ చిక్కు: పైన మాడుతుంది, లోపల ఉడకదు.

ఇప్పటికే పచ్చిగా తినేశారా? నత్త తిన్న ఒకటి నుంచి మూడు వారాల్లో విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం, చర్మం మీద చీమలు పాకినట్టు ఉండటం మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఏం తిన్నారో చెప్పండి. ఇంట్లో ఉన్న నులిపురుగుల మాత్ర మింగొద్దు. మెదడులో పురుగులు ఒక్కసారిగా చస్తే వాపు పెరగొచ్చు.

పారగోనిమస్ అయితే నెలల తరబడి దగ్గు, తుప్పు రంగు కఫం. అచ్చం టీబీలాగే ఉంటుంది. టీబీ పరీక్షలో కఫానికి వేసే రంగు ఈ పురుగు గుడ్లను పాడుచేస్తుంది కాబట్టి, రంగు వేయని కఫంలో గుడ్లు వెతకమని విడిగా అడగండి. తేలితే డాక్టర్లు సాధారణంగా ప్రాజిక్వాంటెల్ అనే మందు ఇస్తారు: కిలో బరువుకు 25 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, రెండు రోజులు.