కుందేలును తెచ్చుకునే ముందు ఎండాకాలం గురించి ఆలోచించండి

వరంగల్‌లో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, కుందేలుకేమో 30 దాటితేనే కష్టం, మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే బయటికి పోవాలి. కాబట్టి రేకుల కింద తప్ప వేరే చోటు లేకపోతే తెచ్చుకోకండి, పాపం. గాలి ఆడే నీడ ఉంటే ఇలా చేయండి: రెండు లీటరు బాటిళ్లలో ముప్పావు వంతు నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, ఒకదాన్ని పాత నూలు తువ్వాలలో చుట్టి బోనులో ఒక మూలకే పెట్టండి, కావాలనిపిస్తే అదే వచ్చి ఆనుకుని పడుకుంటుంది. కరిగాక రెండోది పెట్టాలి. కరెంటు ఎక్కువసేపు పోతే ఇది కుదరదు. నోరు తెరిచి ఆయాసపడుతుంటే మాత్రం బాటిల్‌తో ఆగకండి, ఐస్ నీళ్లు గుమ్మరించకుండా చెవులకు తడిగుడ్డ అద్దుతూ వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.