ఉప్పుగాలిలో క్యాడిలాక్: వానాకాలంలో టాపును కాపాడుకోవడం

1959 నాటి క్యాడిలాక్ కన్వర్టిబుల్‌ను, అంటే గుడ్డ టాపును మడిచి వెనక్కి దించగల కారును, బరంపురంలో ఉంచుకున్నవారికి చలికాలంలో పెద్దగా పని ఉండదు. అసలు పని మృగశిర కార్తెకు ముందు మొదలవుతుంది. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉండటం వల్ల, ముసురు పట్టిన రోజుల్లో ఉప్పుగాలి షెడ్డు తలుపుల సందుల్లోంచి కూడా లోపలికి వస్తుంది. 2013లో ఫైలిన్ తుపాను సరిగ్గా దసరా రోజుల్లో అక్కడే తీరం దాటింది కనుక, అక్టోబరు ముగిసేదాకా జాగ్రత్త సడలించకూడదు.

కారు పొడవు 225 అంగుళాలు, అంటే 18 అడుగుల 9 అంగుళాలు. వెనుక రెక్కలు, వాటికి తుపాకీ గుండ్లలా అమర్చిన జంట ఎర్రదీపాలు గోడకు తగలకుండా, మనిషి చుట్టూ తిరిగేంత చోటు వదలాలి. నేల చెమ్మ పైకి రాకుండా కారు కింద పాలిథిన్ పరచవచ్చు గాని, కారు మీద మాత్రం నూలు గుడ్డే కప్పాలి. టార్పాలిన్ కప్పితే లోపలి ఆవిరి బయటికి పోలేక బూజు పడుతుంది.

ఇక టాపు సంగతి. బరంపురం పట్టుచీరను బీరువాలో దాచే ఇల్లాలు అప్పుడప్పుడూ మడత మార్చి పెడుతుంది, లేకపోతే పట్టు ఆ గీత వెంబడే చిట్లుతుంది. టాపుకు ఆ వీలు లేదు, అది ఎప్పుడూ ఒకే గీత మీద మడత పడుతుంది. అందువల్ల వానాకాలమంతా దాన్ని ఎత్తి, బిగించే ఉంచాలి. తడిసిన టాపును ఒక్క రాత్రి కూడా మడిచి ఉంచకూడదు. పొడిగుడ్డతో పైన, లోపల తుడిచి, షెడ్డులో ఫ్యాను పెట్టి తెల్లవార్లూ ఆరనివ్వాలి. వెనుక సీటు వెనుక టాపు దిగే గుంటలో చెయ్యి పెట్టి తడిమి చూడటం మరచిపోకూడదు, ఎందుకంటే ముక్కవాసన అక్కడే పుడుతుంది.

టాపును ఎత్తి దించేది హైడ్రాలిక్ పంపు. నెలకొకసారి, వాన లేని రోజు చూసి, బ్యాటరీ మీద భారం పడకుండా ఇంజను నడుస్తుండగానే దాన్ని ఒకసారి దించి ఎత్తాలి. స్విచ్ నొక్కబోయేటప్పుడు, కారు ముందు అద్దం పైనున్న రెండు గొళ్లేలూ ఊడాయో లేదో వేలితో తాకి చూడాలి. నేనొకసారి ఎడమవైపు గొళ్లెం ఊడిందనుకుని స్విచ్ నొక్కాను. మోటారు మూలిగింది, టాపు ఒక పక్కకే లేచింది, నేను చెయ్యి తీసేలోగా టాపు గుడ్డను మోసే లోపలి కమాను వంగిపోయింది. టాపును ఎత్తే సిలిండర్ల దగ్గర తడి కనిపిస్తే సీళ్లు పాడైనట్టే. పంపులో మాన్యువల్‌లో చెప్పిన ద్రవమే పోయాలి, వేరొకటి కలిపితే రబ్బరు చెడుతుంది.

తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలను చీపురుపుల్లతో మెల్లగా శుభ్రం చేయాలి. క్రోమును మంచినీటితో కడిగి, ఆరాక పలుచగా మైనం పట్టించాలి. ఇత్తడి బిందెకు వాడే చింతపండును బంపరుకు రుద్దే ఉత్సాహవంతులు మనలో ఉన్నారు. ఆ పులుపు క్రోములోని సన్నటి గుంటల్లో దిగి తుప్పును తెస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది కనుక ఆ గొట్టాలను ముందే మార్పించాలి.

బ్రేకు విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఈ కారుకు నాలుగు చక్రాలకూ కలిపి ఉన్నది ఒకే బ్రేకు వలయం, అంటే బ్రేకు ఆయిలు పారే ఒకే దారి. రెండు వలయాల పద్ధతి క్యాడిలాక్‌లో 1962లో వచ్చింది. ఒక్కచోట కారినా పెడలు నేల తాకుతుంది. తేమ పట్టిన బ్రేకు ఆయిలును వానలు వెనుకబట్టాక మార్పించి, ఆ తరువాతే కారును రోడ్డెక్కించాలి.

కార్తీకంలో ఎండ బాగా కాసిన ఉదయం టాపును సగం ఎత్తి, అతుకుల వెంబడి, కమానుల కింద వెలుతురులో చూసి, గంటసేపు అలాగే వదిలి, ఆ తరువాతే పూర్తిగా మడవాలి.